రొమ్ము క్యాన్సర్ గడ్డ తీయకుండా ముందు మందులెందుకు? అపోహలు - వాస్తవాలు

రాజోలు, అంబాజీపేట వైపు నుంచి కాకినాడలో మా ఓపీకి వచ్చే కుటుంబాలు దాదాపు అన్నీ అడిగే మాట ఇది: "గడ్డ కళ్ళ ముందే ఉంది కదండీ, తీసెయ్యకుండా ఇన్ని నెలలు ఉంచుతారేంటండి?"

అపోహ: ఆపరేషన్ ఆలస్యమైతే జబ్బు పాకిపోతుంది.

వాస్తవం: హెర్2 పాజిటివ్ రొమ్ము క్యాన్సర్ (కణాల మీద హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉండే రకం) త్వరగా పెరిగేదే. గడ్డ పెద్దదైనా, చంకలో గ్రంథులకు చేరినా, కంటికి కనపడని కణాలు అప్పటికే రక్తంలో కలిసి ఉండొచ్చు. ఆపరేషన్ రొమ్ము, చంకల వరకే. మందు ఒళ్ళంతా తిరుగుతుంది. పైగా గడ్డ ఉండగా మందిస్తే అది పని చేస్తోందో లేదో తెలుస్తుంది. కీమో ముందిచ్చినా తర్వాతిచ్చినా ఆయుష్షులో తేడా లేదని అమెరికాలో 1988లో మొదలైన పెద్ద పరిశోధన తేల్చింది.

అపోహ: టార్గెటెడ్ మందులుంటే (హెర్2ను గురిచూసి కొట్టే మందులు) కీమో అక్కర్లేదు.

వాస్తవం: జుట్టు ఊడుతుందన్న భయంతో అడుగుతారు, ఆ బాధ నాకు తెలుసు. కానీ నియోస్ఫియర్ అధ్యయనంలో ట్రాస్టుజుమాబ్, పెర్టుజుమాబ్ అనే రెండు టార్గెటెడ్ మందులు మాత్రమే తీసుకున్నవారిలో సుమారు 17 శాతం మందికే రొమ్ములో జబ్బు పూర్తిగా పోయింది. కీమో కూడా కలిపితే సుమారు 46 శాతం మందికి.

అపోహ: గడ్డ కరిగిపోయింది, ఇక ఆపరేషన్ ఎందుకు?

వాస్తవం: నన్ను అన్నిటికంటే భయపెట్టేది ఈ మాటే. లంక గ్రామం నుంచి వచ్చే ఒకావిడకు మూడో సైకిల్‌కే (మూడో విడత మందుకే) గడ్డ చేతికి దొరకలేదు. "తగ్గిపోయిందండి" అని సంతోషంగా నాట్లకు వెళ్ళింది, మళ్ళీ రాలేదు. ఎనిమిది నెలలకు చంకలో గడ్డతో వచ్చింది. చేతికి అందనిది, స్కాన్‌లో కనపడనిది కూడా మిగిలి ఉండొచ్చు. ఆ చోటు తీసి మైక్రోస్కోప్ కింద చూస్తేనే తేలుతుంది. అందుకే మొదట్లోనే గడ్డలో చిన్న క్లిప్ గుర్తుగా పెడతాం. జబ్బు మిగిలితే మందు మారుస్తాం. ట్రాస్టుజుమాబ్‌కు కీమో మందును జోడించి చేసిన ట్రాస్టుజుమాబ్ ఎమ్టాన్సిన్, ట్రాస్టుజుమాబ్ ఒక్కటే కొనసాగించడంతో పోలిస్తే, అలాంటివారిలో జబ్బు తిరగబెట్టే ముప్పును సగానికి తగ్గించింది. పూర్తిగా పోయినా సరే, టార్గెటెడ్ మందు మొత్తం ఏడాది పూర్తి చేయాలి.

అపోహ: ఈ మందులు గుండెను పాడు చేస్తాయి.

వాస్తవం: కొందరిలో గుండె పంపింగ్ తగ్గుతుంది, చాలావరకు మళ్ళీ కోలుకుంటుంది. మూడు నెలలకోసారి ఎకో (గుండె స్కాన్) తీయించుకోవడం మానకండి.

అంతకంటే టెన్షన్ పడాల్సింది జ్వరం గురించి. కీమో రోజుల్లో 100.4 డిగ్రీలు దాటితే అర్ధరాత్రయినా బయల్దేరాలి. పొద్దున్నే పంటు ఎక్కి ఏరు దాటుదాంలే అని ఆగొద్దు. లంకల్లో ఉండేవారు ప్రతి సైకిల్ తర్వాత రెండు వారాలైనా ఆసుపత్రికి దగ్గరలో బంధువుల ఇంట ఉంటే మాకూ ధైర్యంగా ఉంటుంది.