తిరగేసిన సబ్బు: ప్రీమియం డీజిల్‌లో మనం కొనేదేమిటి?

మా మిత్రుడు ఒకాయన వ్యాను నడుపుతారు. నెలకి ఎన్నో ట్యాంకులు పోయిస్తారు కాబట్టి ఇది ఆయనకి ఊరికే వచ్చిన సందేహం కాదు. "బంకులో రెండు డీజిళ్లున్నాయి. ఒకటి మామూలుది, ఇంకోటి ఎక్కువ రేటుది. ఎక్కువ ఇచ్చి పోయిస్తే బండికి ఏమైనా ఒరుగుతుందా, లేక ఆ పేరుకే డబ్బులా?" అని అడిగారు.

దీనికి జవాబు వెతకాల్సింది, ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ కొసన. అందుకని తెలిసిన మెకానిక్ దగ్గరికి వెళ్లి, ఆయన విప్పి పక్కన పడేసిన పాత నాజిల్ ఒకటి అడిగి తెచ్చుకున్నాను. పెన్సిల్ మొనకన్నా కాస్త మొద్దుగా ఉండే ఉక్కు కొస అది. గడియారాలు బాగుచేసేవాళ్లు కంటికి పెట్టుకునే భూతద్దంతో చూస్తే చుట్టూ వరసగా ఏడు చుక్కలు కనిపించాయి. డీజిల్ బయటికొచ్చే రంధ్రాలు అవే. ఒక్కోటి మిల్లీమీటరులో ఎనిమిదో వంతు ఉంటుందేమో. తల వెంట్రుకను పక్కన పెట్టి చూశాను, రంధ్రం దానికి రెట్టింపు కూడా లేదు. ఐదింటి అంచులు స్పష్టంగా ఉన్నాయి. మిగతా రెండింటి చుట్టూ నల్లటి పెచ్చు కట్టింది. గుండ్రంగా ఉండాల్సిన నోరు ఒకదానిలో నెలవంకలా మిగిలింది. గోటితో గీకితే పెచ్చు రాలేదు. గుండుసూదితో గీకినా రాలేదు.

ఎక్కువ రేటు డీజిల్ కథలో ముఖ్యమైన పాత్ర ఆ పెచ్చే. దాని దగ్గరికి వెళ్లే ముందు రెండు విషయాలు తేల్చుకోవాలి.

మొదటిది, రెండూ వేరువేరు ఇంధనాలు అనుకుంటాం గానీ చాలా చోట్ల రెండింటి పుట్టుకా ఒకటే. అదే రిఫైనరీ, అదే పైపులైను, అదే డిపో. ట్యాంకర్‌లోకి లోడ్ చేసేటప్పుడు ఒకదానిలో కొన్ని రసాయనాలు, అంటే అడిటివ్‌లు, కొద్దిగా కలుపుతారు. లీటరు డీజిల్‌లో సుమారు 36 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. చిటికెడు అడిటివ్ కలిపినంత మాత్రాన ఆ లెక్క మారదు. "ఎక్కువ పవర్" అన్న మాట విన్నప్పుడల్లా ఈ 36 గుర్తు తెచ్చుకుంటే మంచిది. సహజవాయువు నుంచి తయారైన డీజిల్ కలిపే రకాలు కూడా కొన్ని ఉన్నాయి. 1920లలో జర్మనీలో ఫ్రాంజ్ ఫిషర్, హాన్స్ ట్రోప్ష్ కనిపెట్టిన పద్ధతి అది. ఆ డీజిల్ చాలా శుభ్రంగా మండుతుంది, పొగ తక్కువ. అయితే తేలిక కాబట్టి లీటరు లెక్కన చూస్తే దానిలో శక్తి మామూలు డీజిల్ కన్నా కాస్త తక్కువే.

రెండోది సీటేన్ నంబరు. డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు అని బడిలో చెబుతాం, పరీక్షలో అదే అడుగుతాం, అక్కడితో వదిలేస్తాం. పిల్లలకి నిజంగా ఆసక్తి కలిగించేది ఆ తర్వాత వచ్చే ప్రశ్న: మరి మంట ఎప్పుడు అంటుకుంటుంది? గాలిని పదహారు, పద్దెనిమిది రెట్లు నొక్కితే దాని వేడి 500 డిగ్రీలు దాటుతుంది. అందులోకి డీజిల్ చిమ్మితే అది ఆ క్షణమే మండదు. తుంపర ఆవిరి కావాలి, గాలితో కలవాలి, అణువులు విరగడం మొదలవ్వాలి. దీనికి పట్టే వ్యవధి సుమారు ఒక మిల్లీసెకను. ఇంజన్ నిమిషానికి 2000 చుట్లు తిరుగుతుంటే ఆ మిల్లీసెకనులో క్రాంక్, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, 12 డిగ్రీలు తిరిగేస్తుంది. ఈలోగా పడిన డీజిలంతా పోగై ఒక్కసారిగా భగ్గుమంటుంది. డీజిల్ బండి టకటకమనే చప్పుడు అక్కడిదే. ఈ ఆలస్యం ఎంత తక్కువైతే సీటేన్ నంబరు అంత ఎక్కువ. కొలబద్దకి రెండు గుర్తులు: హెక్సాడెకేన్ అనే ద్రవానికి 100, హెప్టామిథైల్‌నోనేన్‌కి 15.

పెట్రోల్ ఆక్టేన్ నంబరుకి ఇది సరిగ్గా తలకిందులు. పెట్రోల్ తనంతట తాను అంటుకోకూడదు, డీజిల్ అంటుకోవాలి. రెండు నంబర్లలో ఏదీ శక్తిని కొలవదు. అయినా "నంబరు పెద్దదైతే బలం ఎక్కువ" అన్న నమ్మకం గట్టిగా పాతుకుపోయింది. ఐరోపా ప్రమాణం ప్రకారం మామూలు డీజిల్‌కే కనీసం 51 ఉండాలి. అమెరికాలో మామూలుదానికి 40 చాలు. అక్కడి రాష్ట్రాల కోసం రాసిన నమూనా నిబంధనల్లో "ప్రీమియం" అనిపించుకోవడానికి కావలసిన సీటేన్ 47. అంటే ఒకచోట ప్రీమియం అని అమ్మగలిగేది ఇంకోచోట మామూలు డీజిల్‌గా కూడా నిలబడకపోవచ్చు. డబ్బా మీద పేరు కన్నా, మీ ప్రాంతంలో మామూలు డీజిల్ ప్రమాణం ఏమిటో తెలుసుకోవడమే ముందు పని.

సీటేన్ పెంచడానికి ఎక్కువగా కలిపేది 2-ఇథైల్‌హెక్సైల్ నైట్రేట్. దాని అణువులో ఆక్సిజన్‌కీ నైట్రోజన్‌కీ మధ్య ఒక బలహీనమైన బంధం ఉంటుంది. మామూలు కార్బన్-కార్బన్ బంధం బలంలో దానిది దాదాపు సగం. వేడి తగలగానే అదే ముందు తెగుతుంది. తెగిన ముక్కలు పక్క అణువుల మీద పడి గొలుసు చర్యను మొదలుపెడతాయి. ఇది చల్లటి ఉదయాల్లో నిజంగా పనిచేస్తుంది: స్టార్టింగ్ ట్రబుల్ తగ్గుతుంది, తెల్లపొగ తగ్గుతుంది, చప్పుడు తగ్గుతుంది. కాకపోతే మొదటి మోతాదుకి వచ్చినంత లాభం రెండో మోతాదుకి రాదు. పైగా 1997లో కామన్ రైల్ ఇంజన్లు, అంటే ఇంజెక్టర్లన్నిటికీ ఒకే ఉమ్మడి గొట్టం నుంచి ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందేవి, కార్లలోకి వచ్చాక అసలు ఇంజెక్షన్‌కి ముందు ఒక చిన్న చుక్క చిమ్మి మంటను సిద్ధం చేసే ఏర్పాటు వచ్చింది. సీటేన్ చేయాల్సిన పనిలో చాలా భాగం ఆ చుక్కే చేసేస్తోంది.

ఇక పెచ్చు సంగతి. కామన్ రైల్‌లో ఒత్తిడి 2000 బార్ దాకా, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు రెండు వేల రెట్లు దాకా, వెళ్తుంది, కొన్నిటిలో ఇంకా ఎక్కువ. ఆ ఒత్తిడిలో డీజిల్ ఆ సన్నటి రంధ్రంలోంచి సెకనుకు 600 మీటర్లకు పైగా వేగంతో దూసుకొస్తుంది. అంత ధాటికి ఏదైనా కొట్టుకుపోవాలి కదా, మరి పెచ్చు ఎలా కడుతుంది? నన్ను బాగా పట్టుకున్న ప్రశ్న ఇదే. జవాబు ఆ వేగం ఆగిపోయిన క్షణంలో ఉంది. నాజిల్ లోపల రంధ్రాలకి దారి తెరిచి మూసే సూది ఒకటి ఉంటుంది. అది మూసుకోగానే రంధ్రాల్లో కాస్త డీజిల్ మిగిలిపోతుంది. బయట మంట, నాజిల్ కొస రెండు మూడు వందల డిగ్రీల వేడి. తేలిక భాగం ఆవిరైపోతుంది. బరువైన భాగం జిగురై, మాడి, గోడకి పొరలా అతుక్కుంటుంది. నిమిషానికి 2000 చుట్ల దగ్గర ఒక్కో సిలిండర్‌లో ఇలా సెకనుకు పదహారు పదిహేడు సార్లు జరుగుతుంది. డీజిల్‌లో జింక్ కలిసి ఉంటే ఈ పని మరీ చురుగ్గా సాగుతుంది. ప్రయోగశాలలో డీజిల్ మురికిపట్టే గుణాన్ని పరీక్షించే ఒక ప్రామాణిక పద్ధతిలో, ప్యూజో డీడబ్ల్యూ10 ఇంజన్‌లో పోసే డీజిల్‌లో కావాలనే జింక్ కలుపుతారు. ఎంతో తెలుసా? పది లక్షల వంతులకి ఒక్క వంతు. ఆ కాస్త జింక్‌తోనే ఇంజన్ పవర్ పడిపోవడం కొలవగలుగుతారు. జింక్ పూత పూసిన డబ్బాల్లో డీజిల్ నిల్వ చేయొద్దని చెప్పేది ఇందుకే.

పొర ఎంత మందం కడితే ఎంత నష్టమో మీరే లెక్కేయొచ్చు. రంధ్రం 120 మైక్రాన్లు అనుకోండి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). గోడకి చుట్టూ 5 మైక్రాన్ల పొర కట్టింది. వ్యాసం 110కి దిగింది. వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి 110ని 120తో భాగించి వర్గం చేస్తే 0.84. వెంట్రుక మందంలో పద్నాలుగో వంతు పొర, దారిలో 16 శాతం పోయింది! ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ ఊరుకోదు, సూదిని ఇంకాస్త సేపు తెరిచి ఉంచి లోటు పూడుస్తుంది. మెల్లగా నడిపేటప్పుడు మీకేమీ తెలియదు. నిండు లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం అదనంగా తెరిచే సమయం మిగలదు. "బండికి పికప్ పోయింది" అని మనం అనేది అప్పుడే. రంధ్రాలన్నీ ఒకేలా మూసుకుపోవు కాబట్టి తుంపర ఒక పక్క చిక్కగా, ఒక పక్క పలచగా పడి, చిక్కటి చోట నల్లపొగ పుడుతుంది.

అడిటివ్‌లలో డబ్బు పెట్టదగ్గది ఏదైనా ఉందంటే అది ఇక్కడ పనికొచ్చే డిటర్జెంట్. దీన్ని నేను తిరగేసిన సబ్బు అంటాను. బట్టల సబ్బు అణువుకి ఒక తల, ఒక తోక ఉంటాయి. తలకి నీళ్లంటే ఇష్టం, తోకకి జిడ్డంటే ఇష్టం. చుట్టూ ఉన్నది నీళ్లు, పోవాల్సింది జిడ్డు. కాబట్టి తోక మురికిలోకి దిగుతుంది, తల బయట నీళ్లని పట్టుకుంటుంది. డీజిల్‌లో ఇదంతా తలకిందులు. చుట్టూ ఉన్నదే జిడ్డు. ఆక్సిజన్ పట్టి మాడిన పెచ్చు అణువులకి విద్యుత్ ధ్రువత ఉంటుంది, అంటే ఒక పక్క కాస్త ధన, ఇంకో పక్క కాస్త రుణ ఆవేశం; అందుకే అది డీజిల్‌లో కరగదు. అందుకని ఇక్కడ తల మురికిని పట్టుకుంటే తోక డీజిల్‌లో తేలుతుంది. ఎక్కువగా వాడే డిటర్జెంట్ పేరు పాలీఐసోబ్యుటిలీన్ సక్సినిమైడ్. పేరు చూసి బెదరక్కర్లేదు, అది అణువు బొమ్మే. పాలీఐసోబ్యుటిలీన్ తోక, సుమారు 1000 అణుభారం, డెబ్బై దాకా కార్బన్లు. సక్సినిమైడ్ ఆ తోకని తలకి కట్టిన ముడి. తల నైట్రోజన్లు నిండిన అమీన్.

ఈ అణువులు రెండు రకాలుగా పనిచేస్తాయి. శుభ్రంగా ఉన్న ఉక్కు గోడకి తలలు ఆనించి, తోకలు బయటికి పెట్టి వరసగా నిలబడితే కొత్త జిగురుకి అంటుకునే చోటు దొరకదు. ఇది కాపలా. అప్పటికే ఉన్న పెచ్చు అంచున తలలు దూర్చి, సన్నటి రేణువుల్ని ఒక్కొక్కటిగా ఊడదీసి, చుట్టూ చేరి డీజిల్‌తో పాటు మోసుకుపోతే అది కడుగుడు. కాపలాకి తక్కువ మోతాదు చాలు. కడగడానికి ఎక్కువ కావాలి, సమయమూ పడుతుంది. ఒక్క ట్యాంకుతో అంతా శుభ్రం అన్న మాట నమ్మదగ్గది కాదు. నా గుండుసూదికి లొంగని పెచ్చు అది, కొన్ని ట్యాంకులైనా పడుతుంది.

మోతాదు విషయంలో ఇంకో హెచ్చరిక. తోక చిన్నదైన, అంటే తక్కువ అణుభారం ఉన్న డిటర్జెంట్లు డీజిల్‌లోని ఆమ్లాలతో కలిసి ఇంజెక్టర్ లోపల సూది చుట్టూ కొత్త పొర కట్టిన సందర్భాలను పరిశోధకులు నమోదు చేశారు. లోపల సూదికీ గోడకీ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లే. సీసాల్లో అమ్మే అడిటివ్‌ని ప్రీమియం డీజిల్ మీద మళ్లీ పోయడం, అదీ చెప్పినదానికి రెండింతలు పోయడం, మంచి పని కాదు.

అడిటివ్‌ల ప్రకటనల్లో కనిపించే "పంపుకి రక్షణ" గురించి క్లుప్తంగా. 1990ల మొదట్లో స్వీడన్‌లో గంధకం బాగా తీసేసిన డీజిల్ వచ్చినప్పుడు పంపులు అరిగిపోయాయి. గంధకంతో పాటు లోహాన్ని జారుగా ఉంచే అణువులు కూడా పోవడమే కారణం. ఆ తర్వాత ఉక్కు బంతిని పలక మీద రుద్ది, పడిన గీటు వెడల్పు కొలిచే పరీక్ష ప్రమాణాల్లో చేరింది. ఐరోపాలో హద్దు 460 మైక్రాన్లు. మామూలు డీజిల్ కూడా ఆ పరీక్ష నెగ్గాల్సిందే.

తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు పోయిస్తే ఎక్కువ డీజిల్ వస్తుందన్న నమ్మకం కూడా విన్నాను. పది డిగ్రీల తేడాకి డీజిల్ వ్యాకోచించేది 0.8 శాతం. భూమిలో ఉన్న ట్యాంకు పొద్దుటికీ మధ్యాహ్నానికీ అంత మారదు. రంగు చూసి నాణ్యత చెప్పడమూ అంతే, సీటేన్ కంటికి కనబడదు.

మరి ఎక్కువ ఇవ్వాలా? లెక్క తేలికే. రేటు 8 శాతం ఎక్కువైతే, మైలేజీతోనే ఆ డబ్బు రావాలంటే మైలేజీ 8 శాతం పెరగాలి. శుభ్రంగా ఉన్న ఇంజన్‌లో అది జరగదు. అక్కడ వచ్చే తేడా టైర్లలో గాలి, ఎదురుగాలి, మోసే బరువు తెచ్చే తేడాల్లో కలిసిపోయేంత చిన్నది. పాతకాలపు మెకానికల్ పంపు బండికైతే నేను మామూలు డీజిలే పోయిస్తాను, ఆ డబ్బుతో ఫిల్టర్ వేళకి మారుస్తాను. కామన్ రైల్ బండి, ఎక్కువగా చిన్న దూరాలు, ఆగి ఆగి నడిచే రోడ్లు, పికప్ తగ్గింది, ఐడిలింగ్‌లో వణుకు అయితే వరసగా నాలుగైదు ట్యాంకులు డిటర్జెంట్ ఉన్నది పోయించి చూడటం న్యాయమే. ఇంజెక్టర్ల సెట్టు మార్చడం కన్నా చాలా చవక. ఆ తర్వాత అప్పుడప్పుడూ ఒక ట్యాంకు చాలనే నా అభిప్రాయం. రంధ్రం అరిగిపోయినా, ఇంజెక్టర్‌ని తెరిచే విద్యుత్ కాయిల్ పాడైనా మాత్రం ఏ సబ్బూ బాగుచేయదు.

మా మిత్రుడికి ఇదంతా చెప్పి ఒక పద్ధతి కూడా చెప్పాను. ఒకే బంకు, ట్యాంకు అదే గుర్తు దాకా నిండాలి, ప్రతిసారీ మీటరు అంకె, లీటర్లు రాసుకోవాలి. ఒక్క ట్యాంకు చూసి తీర్పు చెప్పొద్దు: యాభై లీటర్లలో అర లీటరు అటూఇటూ అయితే అదే ఒక శాతం. మామూలుది ఐదు, ప్రీమియం ఐదు, మళ్లీ మామూలుది ఐదు. చివరి ఐదూ ఎందుకంటే, కడిగిన రంధ్రం వెంటనే మళ్లీ మూసుకుపోదు. నిజంగా శుభ్రమై ఉంటే ఆ లాభం మామూలు డీజిల్‌తో కూడా కొన్నాళ్లు కనబడాలి. ఆయన స్టీరింగ్ పక్కన ఒక చిన్న నోటుబుక్కు కట్టుకున్నారు. మూడో ట్యాంకు నడుస్తోంది.