ఖరీదైన శివారులో సొంతిల్లు కొనాలంటే ఎంత జీతం కావాలి? అపోహలు - వాస్తవాలు

ఇంటి రుణాల దరఖాస్తులు పరిశీలించడం నా పని. మంచి బడి, కాస్త పచ్చదనం, పిల్లలకు విడిగా ఒక గది ఉండాలని ఖరీదైన శివారు ప్రాంతాల్లో ఇల్లు వెతుక్కునే కుటుంబాలు నా దగ్గరికి ఎక్కువగా వస్తుంటాయి. వాళ్లు నమ్మి వచ్చే మాటలు కొన్ని చాలా నష్టం చేస్తున్నాయి. అందుకే ఇది రాస్తున్నాను.

లెక్కలన్నీ ఏడాదికి 9 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకుని వేశాను. అప్పుడు లక్ష అప్పుకి నెలకు దాదాపు 900 ఈఎంఐ పడుతుంది. ఏ దేశపు డబ్బైనా లెక్క ఇదే.

అపోహ: మంచి జీతాలుంటే చాలు, ఎక్కడైనా కొనొచ్చు.

వాస్తవం: చేతికొచ్చే ఆదాయంలో 30 శాతం ఈఎంఐకి పెట్టారనుకోండి. దాంతో పుట్టే అప్పు సుమారు 33 నెలల ఆదాయం, అంటే మూడేళ్ల సంపాదనకు కొంచెం తక్కువ. మీ జీతం ఎంతైనా ఈ నిష్పత్తి మారదు. ఖరీదైన ప్రాంతంలో ఇంటి ధర మీ ఎనిమిదేళ్ల ఆదాయమంత ఉంటే, మిగతా ఐదేళ్ల ఆదాయం మీరు ముందే చేతిలో పట్టుకుని రావాలి.

ఇంకోలా చెబుతాను. ధరలో 20 శాతం డౌన్ పేమెంట్ కట్టి మిగతాది అప్పు చేస్తే, ఇంటి ధరలో దాదాపు 29 శాతం మీకు ఏటా చేతికి రావాలి. సగం ధర చేతిలో ఉంటే 18 శాతం చాలు. అలాంటి చోట్ల కొంటున్న వాళ్ల కాగితాలు చూస్తే విషయం అర్థమవుతుంది. చాలామంది పాత ఇల్లు అమ్మిన డబ్బుతోనో, తల్లిదండ్రులు ఇచ్చిన దాంతోనో వస్తారు. పక్కింటివాళ్ల జీతం మీ జీతమంతే ఉండి, వాళ్లు కొని మీరు కొనలేకపోతే అందులో మీ చేతగానితనం ఏమీ లేదు. ఈ మాట నేను ఎంతమందికి చెప్పానో! చెప్పిన ప్రతిసారీ ఎదుటివాళ్ల ముఖంలో కాస్త బరువు దిగడం చూశాను.

అపోహ: బ్యాంకు ఇంత ఇస్తానందంటే మనం అంత కట్టగలమనే.

వాస్తవం: బ్యాంకు చూసేది తన అప్పు తిరిగొస్తుందా లేదా అని. మీ అమ్మగారి మందుల ఖర్చు, మూడేళ్ల తర్వాత పెరిగే ఫీజులు ఏ దరఖాస్తులోనూ ఉండవు. పైగా చాలామంది కోతలకు ముందున్న జీతంతో లెక్క మొదలుపెడతారు, ఏటా వస్తుందో రాదో తెలియని బోనస్‌ని కూడా కలిపేస్తారు. నెలనెలా ఖాతాలో పడేది ఎంతో అదే రాసుకోండి. బోనస్ వస్తే అసలు తీర్చడానికి వాడండి.

అపోహ: ఇద్దరం సంపాదిస్తున్నాం, భయం లేదు.

వాస్తవం: ఇద్దరి జీతాల మీద కొన్నప్పుడు ఏ ఒక్కరి ఉద్యోగం ఆగినా ఇల్లు కదులుతుంది. ఒక జంట నాకు ఇప్పటికీ గుర్తే. బిడ్డ పుట్టాక తల్లి ఏడాది జీతం లేని సెలవు తీసుకోవాలనుకుంది. ఈఎంఐ కోసం నాలుగో నెలలోనే తిరిగి పనిలో చేరింది. వాళ్లు ఒక్క వాయిదా కూడా తప్పలేదు, కాగితాల మీద అది మంచి ఖాతా. కానీ అలాంటి ఇంటిని వాళ్ల తాహతులో ఉందని నేను అనలేను. తక్కువ జీతాన్ని పూర్తిగా పక్కనపెట్టి లెక్క వేయండి. ఆ లెక్కలో ఇల్లు దొరకడం కష్టమైతే, కనీసం ఏడాది వాయిదాలకు సరిపడా డబ్బు విడిగా ఉంచుకున్నాకే కొనండి.

అపోహ: గడువు పెంచుకుంటే ఇల్లు అందుబాటులోకి వస్తుంది.

వాస్తవం: 20 ఏళ్లను 30 చేస్తే లక్షకు ఈఎంఐ 900 నుంచి 805కి తగ్గుతుంది. మొత్తం కట్టేది మాత్రం 2.16 లక్షల నుంచి 2.90 లక్షలకు చేరుతుంది. నెలకు 95 తగ్గించుకోవడానికి దాదాపు 74 వేలు అదనం. మొదటి నెల వడ్డీ 750. అంటే 30 ఏళ్ల గడువులో మీరు కట్టే 805లో అసలుకి వెళ్లేది 55 మాత్రమే. అద్దె వృథా అనేవాళ్లు ఈ 750ని కూడా ఒకసారి చూడాలి. అదీ తిరిగిరాని డబ్బే.

అపోహ: వడ్డీ ఒకటి రెండు శాతం అటూఇటూ అయితే ఏం?

వాస్తవం: మారే వడ్డీ మీద తీసుకున్న అప్పు 9 నుంచి 12 శాతానికి వెళితే అదే లక్షకు వాయిదా 900 నుంచి 1,100 దాటుతుంది. ఆస్ట్రేలియాలో 2021 నుంచి బ్యాంకులు అప్పుడున్న వడ్డీకి మరో 3 శాతం కలిపి, అప్పుడు కూడా కట్టగలరా అని పరీక్షిస్తున్నాయి. మీ దగ్గర అలాంటి నిబంధన లేకపోతే ఆ లెక్క మీరే వేసుకోండి.

రిజిస్ట్రేషన్, పన్ను, మరమ్మతులు, నిర్వహణ ఖర్చులు ఈ లెక్కల్లో కలపలేదు. అవి ప్రతిచోటా వేరు, కానీ లేనిచోటు లేదు.

ఇల్లు చూసి మనసు పడ్డాక లెక్క సరిగ్గా సాగదు, అందుకే ముందే ఒక పని చేయమంటాను. రాబోయే ఈఎంఐకి, ఇప్పుడు కడుతున్న అద్దెకు మధ్య తేడా ఎంతో చూసి, ఆ డబ్బును జీతం పడిన రోజే వేరే ఖాతాలో వేయండి. ఆరు నెలలు అలా చేయండి. అందులోంచి ఎన్నిసార్లు, దేనికోసం తీయాల్సి వచ్చిందో రాసుకోండి. జీతం స్లిప్పుల కంటే ముందు నాకు ఆ కాగితం చూపించండి.