నౌరు: తవ్వేసిన గట్టు మీదికే మళ్లీ ఇళ్లు

పసిఫిక్ దీవి నౌరు 2024 చివర్లో తన పౌరసత్వాన్ని అమ్మకానికి పెట్టింది. 2025 ఆరంభంలో ధర కనీసం 1,05,000 అమెరికన్ డాలర్లు. ఆ సొమ్ముతో తీరంలోని జనాన్ని దీవి నడుమ ఉన్న 'టాప్‌సైడ్' గట్టు మీదికి చేర్చాలని పథకం. సముద్రం పైకొస్తోంది కాబట్టి ఆలోచన సబబే. చిక్కల్లా, ఆ గట్టును శతాబ్దం పాటు తవ్వేశారు.

దీవి మొత్తం 21 చదరపు కిలోమీటర్లు, జనం సుమారు 12 వేలు. ఇళ్లు, రోడ్డు, రన్‌వే దాదాపు అన్నీ తీరం వెంట సన్నటి పట్టీలోనే. గట్టు మీద సున్నపురాయి స్తంభాల సందుల్లో, ఎరువుల తయారీకి వాడే ఫాస్ఫేట్ నిండి ఉండేది. చెట్లు కొట్టి, పైమట్టి గీకి, క్రేన్లతో సందుల్లోంచి దాన్ని తోడేశారు. మిగిలింది నిలువెత్తు రాళ్లు, వాటి మధ్య గుంతలు. ఇల్లు కట్టాలన్నా మొక్క నాటాలన్నా ముందు రాళ్లు పగలగొట్టి, గుంతలు పూడ్చి, పైన మట్టి పరవాలి. ఖర్చంతా అక్కడే.

1907లో ఎగుమతి మొదలైంది. 1919 ఒప్పందంతో బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ గనులను చేజిక్కించుకుని, తమ రైతులకు చవగ్గా ఎరువు అందించాయి. నౌరు వాసులకు దక్కింది నామమాత్రపు రాయల్టీ. 1960లలో వాళ్లను ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ దగ్గరి కర్టిస్ దీవికి తరలిస్తామన్నారు. ప్రత్యేక జాతిగా ఉనికి పోతుందని 1964లో నౌరు వాసులు కాదన్నారు. 1968 జనవరి 31న స్వాతంత్ర్యం, 1970లో గనులు చేతికొచ్చాయి.

పాత తవ్వకాలపై 1989లో నౌరు అంతర్జాతీయ న్యాయస్థానానికెక్కితే, 1993లో ఆస్ట్రేలియా 10.7 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లకు రాజీపడింది. అది న్యాయమైన దావా. కానీ దావా వేసింది స్వాతంత్ర్యానికి ముందు తవ్విన మూడో వంతు భూమికే. ఆ తర్వాతి తవ్వకం సొంత ప్రభుత్వానిదే. ఆ రాబడి మెల్‌బోర్న్‌లో 52 అంతస్తుల భవనానికి, నష్టాల విమానయాన సంస్థకు, చెడ్డ పెట్టుబడులకు పోయింది. అధ్యక్షుణ్ణి ఎన్నుకునేది చిన్న పార్లమెంటు (ఇప్పుడు 19 మంది). ఒకరిద్దరు అటు మారితే ప్రభుత్వం పడిపోయేది. ఆ సొమ్ముకు నిలకడైన కాపలా లేకపోయింది. 2004లో అప్పుల కింద ఆ భవనమూ పోయింది.

ఇప్పుడు ప్రధాన రాబడి రెండు: ట్యూనా చేపల ఓడలకు రోజుల లెక్కన అమ్మే వేట హక్కులు, తన దగ్గరికి పడవల్లో వచ్చే శరణార్థులను ఇక్కడ ఉంచే కేంద్రానికి ఆస్ట్రేలియా ఇచ్చే సొమ్ము. కేంద్రం 2001లో తెరిచారు, 2008లో మూశారు, 2012లో మళ్లీ తెరిచారు; అంతా ఆస్ట్రేలియా రాజకీయాలను బట్టే. దశాబ్దాలు పట్టే పునరావాసానికి ఆ ఆదాయాన్ని నమ్ముకోలేరు. అందుకే పాస్‌పోర్టులు. 1990లలోనూ వీటిని అమ్మారు, కొన్నవాళ్ల ఆరా సరిగా తీయక దేశం పరువు పోగొట్టుకున్నారు. ఈసారి దరఖాస్తుల వడపోత గట్టిగా లేకపోతే, నౌరు పాస్‌పోర్టుకు మిగతా దేశాలు తలుపులు మూస్తాయి. కొనేవాళ్లూ ఉండరు, గట్టు చదునుకు డబ్బూ ఉండదు.