బ్యాంకు మూలధనం తగ్గితే అప్పు ఎవరికి ఆగుతుంది? అపోహలు - వాస్తవాలు

అపోహ: మూలధనమంటే బ్యాంకు తాళం వేసి పక్కన పెట్టిన డబ్బు.

వాస్తవం: డిపాజిట్లలో కొంత రిజర్వు బ్యాంకు దగ్గర ఉంచేది సీఆర్ఆర్. అది వేరు. మూలధనంలో ముఖ్యభాగం వాటాదారుల సొమ్ము, పంచకుండా మిగుల్చుకున్న లాభం. అదీ అప్పుల్లోనే తిరుగుతుంది. నష్టమొస్తే డిపాజిటర్ కంటే ముందు కరిగేది అదే.

అపోహ: 100 కోట్లు ఎవరికిచ్చినా బ్యాంకుకు ఒకటే.

వాస్తవం: కాదు, రిస్క్ వెయిట్ అడ్డొస్తుంది, అంటే అప్పు ఎంత ప్రమాదకరమో బట్టి వేసే శాతం. అప్పును ఆ వెయిట్‌తో గుణిస్తే వచ్చే మొత్తంలో మన దగ్గర కనీస మూలధనం 9 శాతం, దాని మీద బఫర్ (అదనపు రక్షణ) 2.5 శాతం, మొత్తం 11.5. అత్యుత్తమమైన ట్రిపుల్ ఏ రేటింగ్ కంపెనీకి వెయిట్ 20 శాతం కాబట్టి 100 కోట్ల అప్పుకు 2.3 కోట్ల మూలధనం చాలు. బలహీనమైన బీబీ రేటింగ్ కంపెనీకి వెయిట్ 150 శాతం, అంటే 17.25 కోట్లు కావాలి.

అపోహ: అందుకే మూలధనం చిక్కిపోయిన బ్యాంకు ముందుగా బలహీనులకే అప్పు ఆపేస్తుంది.

వాస్తవం: కొత్తగా వచ్చినవాళ్ల విషయంలో నిజమే. పాత పెద్ద ఖాతా దగ్గరే లెక్క తిరగబడుతుంది. తనఖా ఉన్న 100 కోట్ల అప్పు 90 రోజులు దాటి మొండి బాకీ అయితే వెంటనే 15 కోట్లు ప్రొవిజన్ చేయాలి, అంటే రాబోయే నష్టానికి లాభంలోంచి పక్కన పెట్టాలి. అది నేరుగా మూలధనాన్ని కొరుకుతుంది. అదే కంపెనీకి వడ్డీ కట్టుకోవడానికి మరో 10 కోట్లు ఇస్తే? పాత అప్పు మొండి బాకీగా తేలదు, కొత్త అప్పుకు వెయిట్ 100 శాతం అనుకున్నా 1.15 కోట్ల మూలధనంతో సరి. ఊళ్లో వడ్డీ వ్యాపారి ప్రోనోటు తిరగరాసినట్టే. బ్యాంకు భాషలో ఎవర్‌గ్రీనింగ్. 1990లలో జపాన్ బ్యాంకులు చేసింది ఇదే. మన దగ్గర 2015లో రిజర్వు బ్యాంకు ఆస్తుల నాణ్యత సమీక్ష మొదలుపెట్టాక దాగిన బాకీలు బయటపడ్డాయి. 2018 మార్చికి స్థూల మొండి బాకీలు మొత్తం అప్పుల్లో 11 శాతం దాటాయి. ఈలోగా ఇబ్బంది పడేది సక్రమంగా కడుతూ లిమిట్ పెంచమని అడిగే చిన్న పరిశ్రమ. దాన్ని కాదంటే బ్యాంకు పుస్తకాల్లో నష్టమేమీ కనపడదు మరి.

అపోహ: ప్రభుత్వం మూలధనం పోయగానే అప్పులు పెరుగుతాయి.

వాస్తవం: ముందు పాత గుంతలు పూడాలి. 2017 అక్టోబరులో ప్రభుత్వ బ్యాంకులకు 2.11 లక్షల కోట్ల మూలధన పథకం ప్రకటించారు. అయినా 2018 మేలో దేనా బ్యాంకును కొత్త అప్పులివ్వొద్దని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అలాంటప్పుడు మంచి ఖాతాదారుకూ తలుపు మూతే. మీ లిమిట్ రెన్యువల్ కారణం చెప్పకుండా నానుతుంటే బ్యాంకు త్రైమాసిక ఫలితాల్లో సీఆర్ఏఆర్ (పైన చెప్పిన మూలధన శాతం), నికర మొండి బాకీల (ప్రొవిజన్ తీసేశాక మిగిలినవి) శాతం చూడండి. మొదటిది 11.5కు చేరువలో ఉండి రెండోది పెరుగుతుంటే, లోపం మీ ఫైల్లో ఉండకపోవచ్చు.