ఎస్‌ఎంఏ మందు గొడవ: మూలం 1999లో ఉంది

కండరాలు క్షీణించే జన్యు జబ్బు స్పైనల్ మస్కులర్ అట్రోఫీ (ఎస్‌ఎంఏ) ఉన్న పిల్లలకు ఇచ్చే రిస్డిప్లామ్ ధర 2025లో మళ్లీ చర్చకొచ్చింది. దాని పేటెంటు మీద స్విస్ కంపెనీ రోష్‌కూ, చౌక రకం తెచ్చిన నాట్కోకూ కోర్టులో నడిచిన గొడవే కారణం. 16 కోట్ల ఇంజెక్షన్ కోసం ఊరూరా విరాళాలు పోగైన సంగతి అందరికీ తెలిసిందే. ఇది అది కాదు. రోజూ ఇంట్లోనే నోట్లో పోసే మందు ఇది.

ఈ జబ్బుకు కారణమైన ఎస్‌ఎంఎన్1 జన్యువును పారిస్‌లో జుడిత్ మెల్కీ బృందం 1995లోనే పట్టుకుంది. కానీ కథ మలుపు తిరిగింది 1999లో. అయిదో క్రోమోజోమ్ మీద ఎస్‌ఎంఎన్1 పక్కనే అచ్చు గుద్దినట్టుండే ఎస్‌ఎంఎన్2 ఉంటుంది. రోగుల్లో దాదాపు 95 శాతం మందికి మొదటి దాంట్లో ఏడో ఎగ్జాన్ (ప్రోటీన్ తయారీకి వాడే జన్యు ముక్క) రెండు ప్రతుల్లోనూ ఉండదు, రెండోది మాత్రం పదిలంగా ఉంటుంది. మరి అదెందుకు ఆదుకోదు? జవాబు 1999లో దొరికింది: దాని ఏడో ఎగ్జాన్‌లో డీఎన్‌ఏ అక్షరం ‘సి’ ఉండాల్సిన ఒక్క చోట ‘టి’ ఉండటం వల్ల. దానివల్ల అమైనో ఆమ్లమేమీ మారదు. కానీ ఆర్‌ఎన్‌ఏను కత్తిరించి అతికించేటప్పుడు కణం ఆ ఎగ్జాన్‌ను చాలాసార్లు వదిలేస్తుంది. పనికొచ్చే ప్రోటీన్ పదో వంతు దగ్గరే ఆగిపోతుంది. వెన్నుపాములో కండరాలను కదిలించే నాడీకణాలకు అది చాలదు. చచ్చిపోయిన కణం మళ్లీ రాదు గనక ఆలస్యమైన ప్రతి నెలా నష్టమే.

ఎస్‌ఎంఎన్2 ఆ ఎగ్జాన్‌ను వదిలేయకుండా చేసేదే రిస్డిప్లామ్. ఇలాంటి మందు కోసం 2006లో అమెరికా మందుల కంపెనీ పీటీసీ థెరప్యూటిక్స్‌తో చేయి కలిపింది ఎస్‌ఎంఏ ఫౌండేషన్. దాన్ని పెట్టింది ఈ జబ్బున్న ఒక పాప తల్లిదండ్రులు. రోష్ వచ్చింది 2011లో.

ఇలాంటి అణువుల మీద అంతకుముందున్న పాత పేటెంటులో రిస్డిప్లామ్‌ను విడిగా వెల్లడించలేదని, కాబట్టి దాని మీద కొత్త పేటెంటు చెల్లుతుందని, 2035 దాకా హక్కు తమదేనని రోష్ వాదన. హైదరాబాద్ కంపెనీ నాట్కో చూపింది పాత పేటెంటులోని అణువును. దానికీ రిస్డిప్లామ్‌కూ తేడా ఒకే చోట: కార్బన్, హైడ్రోజన్ జంట స్థానంలో నైట్రోజన్. రెండు పేటెంట్లలోనూ ఉన్న ఆవిష్కర్తలకు ఆ మార్పు తట్టడం కష్టమేమీ కాదని ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ 2025 అక్టోబర్ 9న చెప్పింది. నాట్కోను ఆపడానికి మార్చిలో సింగిల్ జడ్జి కూడా ఒప్పుకోలేదు. అక్టోబర్ 17న సుప్రీంకోర్టు రోష్ పిటిషన్‌ను కొట్టేసింది. ఇవన్నీ మధ్యంతర ఉత్తర్వులే, అసలు దావాలో తుది తీర్పు కావు.

ఇక లెక్క చూద్దాం. రెండేళ్లు దాటి 20 కిలోలకు పైబడ్డవారికి రోజుకు 5 మి.గ్రా., అంటే పొడిని నీళ్లలో కలిపిన మందు 6.6 మి.లీ. సీసాలో ఉండేది 60 మి.గ్రా., 12 రోజులకు ఖాళీ. కలిపాక 2–8 డిగ్రీల దగ్గర ఫ్రిజ్‌లో ఉంచాలి, 64 రోజులు దాటితే పారేయాలి. సిరంజిలోకి తీసిన 5 నిమిషాల్లో తాగించకపోతే ఆ మోతాదు వృథా, కొత్తగా తీయాల్సిందే. సీసా ఆరు లక్షలన్న రోజుల్లో ఒలికిన ప్రతి రోజు మోతాదూ 50 వేలు.

ఏడాదికి దాదాపు 30 సీసాలు కావాలి. పాత ధరకు సుమారు 1.8 కోట్లు, 2025లో నాట్కో ప్రకటించిన ధర 15,900 చొప్పున 4.77 లక్షలు. అరుదైన వ్యాధుల విధానం కింద కేంద్రం ఒక్కో రోగికి ఇచ్చేది గరిష్ఠంగా 50 లక్షలు. హైదరాబాద్‌లో నిమ్స్, సీడీఎఫ్‌డీ (డీఎన్‌ఏ పరిశోధన సంస్థ) కలిసి నడిపే అరుదైన వ్యాధుల కేంద్రంలో పేరు నమోదైన పిల్లలకూ అంతే. పాత ధరకు ఆ డబ్బు ఎనిమిది సీసాలకు వచ్చేది, అంటే మూడు నెలలకు. నాట్కో ధరకైతే పదేళ్లు దాటి వస్తుంది.