పన్నెండు కోళ్లకు ఒక ధ్రువపత్రం

దేవరకొండ వైపు తండాలోనో, అచ్చంపేట దగ్గరి పల్లెలోనో పదీ పన్నెండు నాటు కోళ్లు సాదుకునే మహిళ పశువైద్యశాలకు వెళ్లి ‘నా కోళ్లకు ఏ రోగమూ లేదని కాగితం రాసియ్యండి సార్’ అని అడిగితే, డాక్టరు మామూలుగా రాసివ్వగలిగేది ఒక్కటే. ఫలానా రోజున చూసినప్పుడు ఈ కోళ్లలో అంటువ్యాధి లక్షణాలు కనిపించలేదని, ఇవి ప్రయాణానికి తట్టుకుంటాయని ఆ పత్రంలో ఉంటుంది. ఆమె అడిగింది అది కాదు. పొదిగించే గుడ్లు అమ్మాలన్నా, నాటు కోడి కోసం హైదరాబాద్ నుంచి వచ్చేవారికి నమ్మకం కుదరాలన్నా ఆమెకు కావలసింది మొత్తం మందలో రోగం లేదన్న మాట. ఈ రెండు కాగితాల మధ్య దూరం ఒక్క రోజులో ఏర్పడింది కాదు. కోళ్ల పరీక్షలు, పత్రాలు పుట్టినప్పుడు ఎవరి అవసరానికి పుట్టాయో చూస్తే అది అర్థమవుతుంది.

మందకు రోగం లేదని ధ్రువీకరించే పద్ధతి అమెరికా హేచరీల్లో మొదలైంది. తల్లి కోడికి పైకి ఏ జబ్బూ కనిపించకుండానే గుడ్డు ద్వారా పిల్లకు సోకే పుల్లోరం, అంటే తెల్లపారుడు రోగం, అక్కడ పొదిగిన పిల్లలను గంపలకొద్దీ చంపేది. 1930ల తొలినాళ్లలో రంగు కలిపిన యాంటిజెన్‌తో, అంటే ఆ రోగక్రిమి నుంచి చేసిన పరీక్షా ద్రవంతో, కోడి దగ్గరే చేయగల పరీక్ష వచ్చాక, 1935లో ఆ దేశం జాతీయ కోళ్ల అభివృద్ధి పథకాన్ని ప్రారంభించి, పరీక్షలో నెగ్గిన మందలకు హోదా ఇవ్వసాగింది. ఆ పరీక్ష నేటికీ అలాగే ఉంది. రెక్క ఎత్తి, ఈకలు పక్కకు తప్పించి, లోపలి నరాన్ని సూదితో గుచ్చి ఒక చుక్క రక్తం తీస్తారు. తెల్లని పలక మీద ఊదారంగు యాంటిజెన్ చుక్కలో దాన్ని కలిపి, పలకను మెల్లగా అటూ ఇటూ వంచుతారు. రెండు నిమిషాల్లో చుక్క రవ్వరవ్వగా విడిపోతే ఆ కోడి రోగ వాహకం. మార్పు లేకుండా ఒకే రంగుగా నిలిస్తే కాదు. నాలుగు నెలలు దాటిన కోళ్లకే ఈ పరీక్ష పనికొస్తుంది. మన దేశంలో ఈ యాంటిజెన్‌ను ఇజ్జత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధన సంస్థ తయారు చేస్తుంది. పెరటి మందకు ఇంత చౌకగా, ఇంత సూటిగా జవాబు చెప్పే పరీక్ష మరొకటి లేదు. అయినా గ్రామాల్లో దీన్ని అడిగేవారూ తక్కువే, చేసేవారూ తక్కువే.

అందుకు ఒక కారణం, మన పల్లెల్లో కోళ్ల చావు అంటే గుర్తుకొచ్చేది తెల్లపారుడు కాదు, కొక్కెర. 1926లో ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్ దగ్గరా, జావా దీవిలోనూ బయటపడిన ఈ రోగం మరుసటి ఏడాదికే హిమాలయాల్లోని రాణిఖేత్‌లో కనిపించి, ఆ ఊరి పేరే మన దేశంలో తన పేరుగా మిగిల్చుకుంది. ముక్తేశ్వర్‌లో 1940లలో రూపొందించిన ఆర్‌టూబీ టీకాను ఎనిమిది వారాలు దాటిన పిల్లలకు ఇప్పటికీ వేస్తున్నారు. అయితే టీకా సీసా ఫారం లెక్కకు తయారైంది. వంద డోసులకు తక్కువ ఉండే సీసా అరుదు, మందు కలిపాక ఒకటి రెండు గంటల్లోనే వాడాలి, అంతవరకూ మంచులో ఉంచాలి. పన్నెండు కోళ్ల కోసం సీసా తెరిస్తే మిగతాదంతా పారబోయాల్సిందే. కాబట్టి ఊరంతా ఒకే పూట వేయించుకోవాలి. పగలు ఊరి మీద తిరిగే కోళ్లు గంప కింద కమ్మిన తర్వాతే చేతికి చిక్కుతాయి గనుక, ఆ పని పొద్దుగూకాక గానీ తెల్లవారకముందు గానీ జరగాలి. ఆఫీసు వేళలకూ కోడి వేళలకూ ఎన్నడూ పొత్తు కుదరలేదు.

టీకా వేయించిన మందకు మరో చిక్కు ఉంది. కొక్కెరకు చేసే సాధారణ రక్త పరీక్ష ప్రతిరక్షకాలను చూపుతుంది. అవి టీకా వల్ల వచ్చాయో, రోగం సోకడం వల్ల వచ్చాయో అది చెప్పలేదు. అందువల్ల టీకా తేదీ, సీసా బ్యాచ్ నంబరు రాసిపెట్టుకోని మందకు ఆ పరీక్ష ఫలితం ఎటూ ఉపయోగపడదు. లెక్క కూడా చిన్న మందకు కలిసిరాదు. వేల కోళ్ల ఫారంలో పదింట ఒక కోడికి రోగం ఉంటే, 95 శాతం నమ్మకంతో దాన్ని పట్టుకోవడానికి 29 కోళ్ల నమూనాలు చాలు. ఇరవై కోళ్ల మందలో అదే నమ్మకం కావాలంటే 16 కోళ్ల నుంచి తీయాలి. పన్నెండే ఉంటే అన్నింటి నుంచీ తీయాలి. అంటే మంద ఎంత చిన్నదైతే కోడికి పడే ఖర్చు అంత పెరుగుతుంది.

మన చట్టాల్లో కోళ్లకు అంటువ్యాధులు లేవని పశువైద్యుడు ధ్రువీకరించాలన్న మాట స్పష్టంగా కనిపించేది 2001లో సవరించిన జంతువుల రవాణా నిబంధనల్లో. పేరులోనే ఉన్నట్టు, అది లారీ కోసం, రైలు కోసం రాసిన షరతు. 2009 నాటి అంటువ్యాధుల నివారణ చట్టం తన జాబితాలో బర్డ్ ఫ్లూ, కొక్కెర, పుల్లోరం వంటి రోగాలను చేర్చి, అనుమానం కలిగిన యజమాని గ్రామాధికారికి గానీ పంచాయతీకి గానీ తెలపాలని విధించింది. రోగం ఉందని చెప్పడం ఆ విధంగా బాధ్యత అయింది. లేదని చెప్పించుకునే హక్కు మాత్రం పెరటి కోళ్లవారికి రాలేదు.

ఆ చట్టానికి ముందే, 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్‌లో దేశంలోనే తొలిసారి బర్డ్ ఫ్లూ బయటపడింది. నమూనాలు భోపాల్‌లోని అధిక భద్రతా ప్రయోగశాలకు వెళ్లడం, అక్కడ నిర్ధారణ అయితే చుట్టుపక్కల కోళ్లన్నీ చంపడం అప్పటి నుంచి పద్ధతిగా స్థిరపడింది. ఇప్పటి ప్రణాళిక ప్రకారం రోగం తేలిన చోటు నుంచి ఒక కిలోమీటరు లోపల ఫారం కోడీ, పెరటి కోడీ రెండూ పోవాలి. పది కిలోమీటర్ల వరకు నిఘా ఉంటుంది. 2015 ఏప్రిల్‌లో హయత్‌నగర్ మండలం తొర్రూరులో ఇదే జరిగింది. 2025 ఆరంభంలో గోదావరి జిల్లాల ఫారాల తర్వాత చౌటుప్పల్, చిట్యాల వైపు ఫారాలకూ ఆ ముప్పు వచ్చింది. కేంద్రం, రాష్ట్రం చెరిసగం భరించే పరిహారం అధికారులు చంపిన కోళ్లకే వస్తుంది. అంతకుముందే చచ్చినవాటికి రాదు. అన్నీ చంపి, కడిగి, మందు చల్లాక ఆ స్థలం శుభ్రమైందని ధ్రువపత్రం ఇస్తారు. పెరటి కోళ్లవారి ఇంటి దాకా సర్కారు తానై తెచ్చిన పత్రం ఇదొక్కటేనేమో. అదీ గంప ఖాళీ అయ్యాక.

పెద్ద ఫారాల సంగతి వేరుగా నడిచింది. 2023లో మహారాష్ట్ర, తమిళనాడు, ఉత్తరప్రదేశ్, ఛత్తీస్‌గఢ్‌లలోని 26 కోళ్ల విభాగాలు బర్డ్ ఫ్లూ లేనివని భారత్ చేసిన స్వీయ ప్రకటనను ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ ఆమోదించింది. కంచె, లోనికి వచ్చేవారి పద్దు, దాణా లెక్క, క్రమం తప్పని పరీక్షలు ఉన్నచోటే ఇది సాధ్యం. అదే సంస్థ నియమావళి, ఒకే ఇంట్లో ఉండి ఆ ఇంటి వాడుకకే పరిమితమై ఇతర కోళ్లతో కలవని పక్షులను అసలు ‘పౌల్ట్రీ’ లెక్కలోకే తీసుకోదు. దేవరకద్ర అంగట్లో రెండు పుంజులు అమ్ముకునే ఇల్లు ఈ మినహాయింపులోనూ ఇమడదు, ఆ విభాగాల్లోనూ ఇమడదు.

ఇప్పుడున్న ఏర్పాట్లలో ఆ పన్నెండు కోళ్ల మహిళకు దొరికేవి కొన్ని ముక్కలే: టీకా కార్డు, పెద్ద కోళ్లన్నింటికీ పుల్లోరం పరీక్ష, కొన్ని వారాల తర్వాత మళ్లీ అదే పరీక్ష, తేదీ వేసి డాక్టరు పెట్టిన సంతకం. ఆ తేదీ తర్వాత అంగట్లో కాళ్లు కట్టి తెచ్చిన కొత్త పెట్టను రెండు మూడు వారాలు వేరే గంప కింద ఉంచకుండా ఆ సాయంత్రమే పాతవాటితో కలిపి కమ్మితే, సంతకం తడి ఆరకముందే ఆ పత్రం చెల్లకుండా పోతుంది.