తూకానికి అందని ముప్పు

మశూచి పేరెత్తడానికే జంకి ‘అమ్మవారు పోసింది’ అనడం మన ఇళ్లలో ఒకప్పటి అలవాటు. సోకినవారిలో సుమారు 30 శాతం మందిని బలిగొన్న ఆ జబ్బు భూమి మీద లేకుండా పోయిందని 1980లో ప్రపంచ ఆరోగ్య సభ ప్రకటించింది. దాని వైరస్ అధికారికంగా ఇప్పుడు రెండే చోట్ల ఉంది: అమెరికాలోని అట్లాంటాలో, రష్యాలోని కోల్త్సోవోలో. ఆ రెండు ఫ్రీజర్లకూ కాపలా కాస్తే నిశ్చింతగా ఉండవచ్చుననేది అప్పటి ధీమా.

అణ్వాయుధాల కాపలా కూడా ఇదే లెక్క మీద నడుస్తుంది. ప్లుటోనియం 8 కిలోలు లేదా అధికంగా శుద్ధి చేసిన యురేనియంలో బాంబుకు పనికొచ్చే యు-235 భాగం 25 కిలోలు కనిపించకుండా పోతే, దాంతో ఒక బాంబు తయారయ్యే అవకాశాన్ని తోసిపుచ్చలేమని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ భావిస్తుంది. ఆ పదార్థాన్ని తూచవచ్చు, దానికి సీలు వేయవచ్చు, ఎదురుగా కెమెరా బిగించవచ్చు.

వైరస్‌కు ఈ తూకం పనికిరాదని 2002లో తేలిపోయింది. న్యూయార్క్ రాష్ట్రంలోని స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయంలో ఎకార్డ్ విమ్మర్ బృందం, ప్రచురితమైన జన్యుక్రమం, అంటే వైరస్ నిర్మాణాన్ని చెప్పే అక్షరాల వరుస, ఆధారంగా డీఎన్‌ఏ ముక్కలు తెప్పించుకుని, సుమారు 7,500 అక్షరాల పోలియో వైరస్‌కు ప్రాణం పోసింది. 2018లో కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు మశూచికి దగ్గరి చుట్టమైన గుర్రపు మశూచి వైరస్‌ను, అంటే రెండు లక్షలకు పైబడిన అక్షరాలను, అదే తోవలో నిర్మించినట్టు ప్రచురించారు. ఆ డీఎన్‌ఏ వచ్చేది చిన్న ప్లాస్టిక్ గొట్టంలో, కంటికి ఆనీ ఆనని పొడిగా. ఏ సరిహద్దు చెక్‌పోస్టులోనైనా దాన్ని చూసి అనుమానించేదెవరు? ఆ రెండు కేంద్రాలు తప్ప ఏ ప్రయోగశాలా మశూచి జన్యుక్రమంలో 20 శాతానికి మించి ఉంచుకోరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమం పెట్టింది గానీ, పూర్తి క్రమం ఎవరైనా చదువుకోగలిగే పాఠంగా ఏనాడో అచ్చయింది.

అలాగని అక్షరాలు దొరికినంత మాత్రాన ఆయుధం సిద్ధమైపోదు. జపాన్‌లో ఓం షిన్రిక్యో అనే మతముఠా, డబ్బుకూ చదువుకున్న మనుషులకూ కొదవ లేకపోయినా, 1993లో టోక్యోలో ఆంత్రాక్స్ అనే ప్రాణాంతక జబ్బు బ్యాక్టీరియాను చల్లి ఎవరినీ చంపలేకపోయింది. వాళ్ల చేతిలో ఉన్నది టీకాకు వాడే నిరపాయకరమైన రకం. చేతి నైపుణ్యం లేకపోవడమే ఇన్నాళ్లూ మనల్ని కాపాడిన గోడ అని నా అభిప్రాయం. కృత్రిమ మేధ ఆ గోడను ఎంత పలచన చేస్తుందన్నదే ఇప్పటి చర్చ.

ఇక మిగిలిన తనిఖీ ఆర్డరు తీసుకునే చోటే జరగాలి. అడిగిన డీఎన్‌ఏను తయారు చేసి అమ్మే పేరున్న సంస్థలు తమకు వచ్చిన క్రమాన్ని ప్రమాదకర జీవుల జాబితాతో పోల్చి చూస్తాయి. పోలిక కనిపిస్తే ఆర్డరు ఆపి, అడిగినవారెవరో ఆరా తీస్తాయి. అయితే కృత్రిమ మేధ ఒక విషపు ప్రోటీన్‌ను, దాని పని చెడకుండానే అక్షరాలు మార్చి, పోలిక పట్టలేనంతగా తిరగరాయగలదు. అలా రాసిన నమూనాలలో కొన్ని తనిఖీ సాఫ్ట్‌వేర్ కన్నుగప్పాయని మైక్రోసాఫ్ట్ పరిశోధకుల బృందం 2025లో వెల్లడించింది. వెల్లడికి ముందే సంస్థలకు చెప్పి చాలావరకు సరిచేయించింది కూడా. ఆ నమూనాలన్నీ కంప్యూటర్‌లోనే ఉండిపోయాయి, ఏ ఒక్కదాన్నీ ప్రయోగశాలలో తయారు చేయలేదు.

చిక్కల్లా ఈ తనిఖీ చాలా దేశాలలో ఇంకా ఐచ్ఛికమే కావడం. జీవాయుధ నిషేధ ఒప్పందం 1975లోనే అమలులోకి వచ్చినా, అణుశక్తి సంస్థకు ఉన్నట్టు దానికి తనిఖీదారుల వ్యవస్థ లేదు. కాబట్టి ఆరా తీసే సంస్థకు ఖర్చూ ఆలస్యమూ మిగులుతాయి, ప్రశ్నలు నచ్చని ఖాతాదారు ఏమీ అడగని మరో సంస్థ తలుపు తడతాడు.